ఫోను తెగిన రాత్రి ఎవరి మాట చెల్లుతుంది?

మా నాన్న విజయవాడ రైల్వే కంట్రోలు ఆఫీసులో సెక్షన్ కంట్రోలరు. సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆయనకు రాత్రి డ్యూటీ పడిన రోజుల్లో తమ్ముడూ నేనూ క్యారేజీ పట్టుకెళ్లేవాళ్లం. లోపలికి రానిచ్చేవారు కాదు గానీ గుమ్మం దగ్గర నిలబడితే అంతా కనిపించేది. బల్ల నిండా పరిచిన పొడవాటి గళ్ల కాగితం. పక్కన వరసగా స్టేషన్ల పేర్లు, పైన గంటలూ నిమిషాలూ. నాన్న చెవికి ఫోను, చేతిలో రంగు పెన్సిలు. బండి దాటిందని ఏలూరు స్టేషను మాస్టరు చెప్పగానే కాగితం మీద ఒక చుక్క పెట్టేవారు. తాడేపల్లిగూడెం నుంచి కబురు రాగానే ఇంకో చుక్క. రెండు చుక్కలనూ కలుపుతూ ఏటవాలుగా ఒక గీత. ఆ గీతే బండి.

“బండి నడిపేది డ్రైవరు కదా, మరి మీరెందుకు నాన్నా?” అని అడిగానొకసారి.

“డ్రైవరుకు తన బండి సంగతి తెలుసు. స్టేషను మాస్టరుకు తన స్టేషను సంగతి తెలుసు. నాకు సెక్షనంతా తెలుసు. ఎవరికి ఏది తెలుసో చూసి, ఏ విషయంలో ఎవరి మాట చెల్లాలో ముందే రాసిపెట్టారమ్మా. అందుకే బండ్లు నడుస్తున్నాయి” అన్నారు.

పెద్దయ్యాక డిగ్రీ కాలేజీలో ముప్పై మూడేళ్లు కామర్సు చెప్పాను. ఏటేటా ‘సంస్థాగత నిర్మాణం’ అనే పాఠం వచ్చేది. పిల్లలు పైన ఒక గడి, కింద నాలుగు గడులు, మధ్యలో గీతలు గీసి మార్కులు తెచ్చుకునేవారు. ఆ గీతల్లో ఒక్కొక్కటీ ఎక్కడో ఎవరో పడిన కష్టంలోంచి పుట్టిందని వాళ్లకు చెప్పాలని నా తాపత్రయం. సిలబస్ పూర్తిచేసే తొందరలో ఎప్పుడూ సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

సంస్థాగత నిర్మాణం అంటే మూడు ప్రశ్నలకు జవాబు. పని ఎలా పంచుకున్నాం? ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి? ఏ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? నలుగురు పనిచేసే కొట్టయినా, లక్షల మంది పనిచేసే రైల్వే అయినా ఈ మూడూ తేలాల్సిందే. రాసుకోకపోయినా జవాబులు ఉంటాయి. కాకపోతే ఒక్కొక్కరి మనసులో ఒక్కో రకంగా ఉంటాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

అన్నీ ఒకరికే తెలిసిన రోజులు

మా పెద్దమ్మగారి అబ్బాయి, నాకు అన్నయ్య, విజయవాడలో మిఠాయి కొట్టు పెట్టాడు. తనూ వదినా, ఒక వంట మాస్టరు, ఇద్దరు కుర్రాళ్లు. నెయ్యి ఎప్పుడు తెప్పించాలో, ఏ పెళ్లివారికి ఎంత బాకీ ఉందో, మాస్టరుకు ఏ పూట కోపమొస్తుందో అన్నీ అన్నయ్యకు తెలుసు. పాకం ముదిరితే వాసనతో పట్టేసేవాడు. ఏది తేల్చాలన్నా గల్లాపెట్టె దగ్గర నుంచి ఒక కేక చాలు.

పుస్తకాల్లో దీన్ని సరళ నిర్మాణం అంటారు. మన ఊళ్లలో కిరాణా కొట్లు, టైలరింగు షాపులు, చిన్న ప్రెస్సులు, మెకానిక్కు షెడ్లు అన్నీ ఈ తీరువే. వేగం దీని బలం. యజమాని కళ్లు ఎంత దూరం చూడగలవో అంతవరకే ఎదగగలగడం దీని హద్దు. యజమానికి పది రోజులు జ్వరం వస్తే కొట్టు కూడా మంచాన పడుతుంది.

ఈ హద్దు సంగతి మొదట గట్టిగా తెలిసొచ్చింది రైళ్లవాళ్లకే. అమెరికాలో తొలినాళ్ల రైలు మార్గాలు పొట్టివి. ఒక సూపరింటెండెంటు లైనంతా తిరిగి చూసుకోగలిగేవాడు. మార్గాలు సాగిన కొద్దీ ఆ వీలు పోయింది. ఒకే లైను మీద ఎదురెదురుగా బండ్లు నడిచే రోజులవి. 1841లో మసాచుసెట్స్ రాష్ట్రంలో రెండు ప్రయాణికుల బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఏ బండి ఎక్కడుందో చెప్పాల్సిందెవరు, ఆపాల్సిందెవరు అనే ప్రశ్న అప్పుడు ప్రాణాల మీదకు వచ్చింది. ఆ ప్రమాదం తర్వాత ఆ బండ్లు నడిపిన రైలు కంపెనీ ప్రతి ఉద్యోగి బాధ్యతనూ, ఎవరి మాట ఎవరు వినాలన్నదాన్నీ కాగితం మీద పెట్టింది.

దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లినవాడు డేనియల్ మెకల్లమ్. 1854లో న్యూయార్కు – ఈరీ రైల్‌రోడ్డుకు జనరల్ సూపరింటెండెంటు అయ్యాడు. 50 మైళ్ల లైనైతే అధికారి ప్రతి పనివాణ్నీ పేరుపెట్టి పిలవగలడు, ప్రతి పనినీ కళ్లారా చూడగలడు. 500 మైళ్ల లైనుకు అదే పద్ధతి పెడితే ఖర్చు పెరుగుతుంది, ప్రమాదం పెరుగుతుంది. ఇదీ ఆయన తన నివేదికలో చెప్పిన మాట. 1855లో ఆయన గీయించిన పటాన్ని ఆధునిక వ్యాపార సంస్థల్లో తొలి నిర్మాణ పటంగా చరిత్రకారులు చెబుతారు.

ఆ పటం చూడటానికి చెట్టులా ఉంటుంది. ఇప్పుడు మన ఆఫీసు గోడల మీద ఛైర్మన్ గడి పైన ఉంటుంది. మెకల్లమ్ పటంలో అధ్యక్షుడూ బోర్డూ అడుగున, వేళ్ల దగ్గర ఉన్నారు. డివిజన్లు కొమ్మలై పైకి సాగాయి. స్టేషన్లలో, ఇంజన్ల మీద పనిచేసేవాళ్లు కొమ్మల చివర ఆకులు. కబురు ఆకుల దగ్గర పుడుతుంది. తంతి తీగల మీద బండ్ల సమాచారం గంట గంటకూ వచ్చేలా ఆయన ఏర్పాటు చేశాడు. ఆ పటం నకలు మొదటిసారి చూసినప్పుడు మా నాన్న బల్ల మీది గళ్ల కాగితమే కళ్ల ముందు మెదిలింది. ఆ కాగితం మీద చుక్క పెట్టించేది కూడా దూరాన ఎక్కడో ఉన్న స్టేషను మాస్టరు మాటే కదా.

పనిని బట్టి విభాగాలు

అన్నయ్య కొట్టు బాగా నడిచింది. ఏలూరులో ఒకటి, గుంటూరులో ఒకటి పెట్టాడు. పనివాళ్లు అరవై మంది దాటారు. ఎవరో సలహా ఇస్తే పనిని నాలుగుగా పంచాడు. కొనుగోళ్లు ఒకరికి, తయారీ మాస్టరుకు, అమ్మకాలు ఇంకొకరికి, లెక్కలు వదినకు. ఒక రకం పని చేసేవాళ్లందరినీ ఒక పెద్ద కింద పెట్టే ఈ పద్ధతినే ఫంక్షనల్ నిర్మాణం అంటారు. పనివారీ నిర్మాణం అనుకుందాం. ఆసుపత్రిలో నర్సింగు, ల్యాబు, ఫార్మసీ వేరువేరుగా ఉండటం ఇలాంటిదే.

దీనివల్ల నైపుణ్యం పదునెక్కుతుంది. కొనుగోళ్ల కుర్రాడు నెయ్యి చేతిలో వేసుకుని మంచీచెడ్డా చెప్పే స్థాయికి వచ్చాడు. తయారీలో వృథా తగ్గింది.

ఆ ఏడాది దీపావళికి దెబ్బ తగిలింది. అమ్మకాల అబ్బాయి కష్టపడి తిరిగి ఆఫీసులకూ దుకాణాలకూ కలిపి ఎనిమిది వందల కిలోల ఆర్డర్లు పట్టుకొచ్చాడు. కొనుగోళ్లకు ఆ లెక్క అందలేదు. ఖర్చు తగ్గించమని అన్నయ్యే చెప్పి ఉండటంతో ఆ నెల నెయ్యి ఆచితూచి కొన్నారు. సరుకు లేనిదే బాణలి పెట్టేది లేదని మాస్టరు కూర్చున్నాడు. పండగ ముందు రోజు రాత్రి కొట్టు ముందు జనం, లోపల ఖాళీ తట్టలు. మర్నాడు లెక్క తేల్చుకోవడానికి నన్ను పిలిచారు. నలుగురినీ విడివిడిగా అడిగాను. నలుగురూ తమ పని సరిగ్గానే చేశారు. నలుగురి దగ్గరా రుజువులున్నాయి. కొన్నవారికి కోరిన ధర దొరికింది, అమ్మినవారికి కావలసినంత ఆర్డరు దొరికింది. కొనడానికి వచ్చినవాళ్లకే లడ్డూ దొరకలేదు.

పనివారీ నిర్మాణానికి ఉన్న జబ్బు ఇదే. ప్రతి విభాగమూ తన పని చూసుకుంటుంది. పని మొదలు నుంచి చివరిదాకా చూసేవాడు పైన ఒక్కడే మిగులుతాడు. పక్క విభాగంతో మాట కలవాలంటే ఆ ఒక్కడి దాకా వెళ్లి రావాలి.

ఫ్రాన్సులో బొగ్గు గనుల కంపెనీని నడిపిన ఇంజనీరు హెన్రీ ఫేయోల్ దీనికి ఒక మార్గం చెప్పాడు. 1916లో వచ్చిన ఆయన రచన యాజమాన్య శాస్త్రానికి పునాదుల్లో ఒకటి. రెండు నిచ్చెనల మీద ఒకే ఎత్తులో ఉన్న ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఒకరు పైదాకా ఎక్కి, అవతలి నిచ్చెన మీదుగా దిగనక్కర్లేదు. పెద్దల అనుమతితో వాళ్లిద్దరి మధ్యా ఒక పలక వేస్తే చాలు. అన్నయ్య కొట్టులో నేను వేయించిన పలక చాలా చిన్నది. రోజూ పొద్దున్న ఏడింటికి నలుగురూ నిలబడి పది నిమిషాలు మాట్లాడుకోవాలి. నిన్న వచ్చిన ఆర్డరు ఎంత, ఉన్న సరుకు ఎంత. అంతే. మరుసటి దీపావళికి తట్టలు ఖాళీ కాలేదు.

మన రైల్వేలోనూ ఈ చిక్కు ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ట్రాఫిక్, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, సిగ్నల్ ఇలా శాఖలు వేరు, వాటి అధికారుల సర్వీసులూ వేరుగా ఉండేవి. శాఖాభిమానం ఉమ్మడి పనికి అడ్డుపడుతోందని చెబుతూ 2019 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎనిమిది గ్రూప్ ‘ఏ’ సర్వీసులను ఒకే రైల్వే మేనేజ్‌మెంట్ సర్వీసుగా కలపడానికి ఆమోదం తెలిపింది. రైల్వే బోర్డును కూడా శాఖల వారీ విభజన వదిలి కుదించాలని నిర్ణయించింది. ఒక దేశ మంత్రివర్గం కూర్చుని చర్చించాల్సినంత పెద్ద విషయం, ఈ గడులూ గీతలూ.

ఊరిని బట్టి, సరుకును బట్టి

మూడేళ్లకు అన్నయ్య హైదరాబాదులో నాలుగో కొట్టు తెరిచాడు. విజయవాడలో తయారుచేసి వ్యానులో పంపితే మెత్తని సరుకు నిలవలేదు. ఏ కొట్టుకు ఆ కొట్టు వంటశాల, కొనుగోలు, లెక్కలు పెట్టుకుని, ఒక్కో కొట్టుకు ఒక ఇన్‌ఛార్జి లాభనష్టాలకు జవాబు చెప్పేలా మార్చాడు. ఇది డివిజనల్ నిర్మాణం. ప్రాంతాన్ని బట్టి విడదీయొచ్చు, సరుకును బట్టి విడదీయొచ్చు, కొనేవాళ్లను బట్టి కూడా విడదీయొచ్చు.

సరుకును బట్టి విడిపోవాల్సిన అవసరం ఎలా వస్తుందో అమెరికా కంపెనీ డూపాంట్ కథలో స్పష్టంగా ఉంది. మొదట్లో వాళ్ల సరుకు మందుగుండు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక రంగులు, రసాయనాలు వంటి కొత్త సరుకుల్లోకి దిగారు. గనులవాళ్లకు టన్నుల్లో పేలుడు పదార్థం అమ్మిన అమ్మకాల విభాగమే ఇప్పుడు ఇంటి గోడలకు వేసే రంగుల డబ్బాలు అమ్మాలి. ఆ ఇద్దరు కొనుగోలుదారులకూ ఎక్కడా పోలిక లేదు. రంగుల్లో చిన్న కంపెనీలు లాభపడుతుంటే డూపాంట్ నష్టపోయింది. 1921లో పాత విభాగాలను విడగొట్టి, ఒక్కో రకం సరుకుకు తయారీ, అమ్మకం అన్నీ ఉన్న ఒక్కో విభాగాన్ని పెట్టారు.

అదే రోజుల్లో జనరల్ మోటార్స్‌కు ఎదురైంది తిరగేసిన కష్టం. రకరకాల కార్ల కంపెనీలను కొని ఒక గొడుగు కిందకు చేర్చారు గానీ, ఎవరికి వారే. ఎవరు ఎంత సరుకు కొని నిల్వ పెట్టుకుంటున్నారో పై ఆఫీసుకు అదుపు లేదు. 1920లో గిరాకీ పడిపోయేసరికి గోదాముల్లో పేరుకున్న సరుకు మెడకు చుట్టుకుంది. 1923లో అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఒక తూకం కుదిర్చాడు. షెవ్రొలే, బ్యూక్, క్యాడిలాక్ వంటి డివిజన్లు తమ కారును తామే తయారుచేసి తామే అమ్ముకుంటాయి. ఏ డివిజను ఏ ధరల మధ్య కారు చేయాలి, డబ్బు ఎవరికి ఎంత కేటాయించాలి, లెక్కలు ఏ తీరున పంపాలి అన్నవి కేంద్రం చేతిలో ఉంటాయి. వదిలేయాల్సింది వదిలేయడం, పట్టుకోవాల్సింది పట్టుకోవడం. డివిజనల్ పద్ధతి కిటుకంతా ఇందులోనే ఉంది.

ఇలాంటి కంపెనీలను పరిశీలించి చరిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ 1962లో ఒక పుస్తకం రాశాడు. సంస్థ ఏ దారిన వెళ్లదలచుకుందో దాన్ని అనుసరించి నిర్మాణం మారాలని అందులో తేల్చాడు. పాఠం చెప్పేటప్పుడు నేను దాన్ని చొక్కాతో పోల్చేదాన్ని. పిల్లవాడు పెరుగుతాడు, చొక్కా పెరగదు. కుట్లు విడిపోయాక పిల్లవాణ్ని తిడితే లాభం లేదు.

మన రైల్వే జోన్లూ ఇలా ప్రాంతాన్ని బట్టి కట్టినవే. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. అప్పటిదాకా మా విజయవాడ డివిజను మద్రాసు కేంద్రంగా ఉన్న దక్షిణ రైల్వేలో భాగం. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా క్వార్టర్లలో ఇంటింటా అదే మాట. ఇకనుంచి కాగితాలు మద్రాసు పోవు, సికింద్రాబాదు పోతాయి. ఇంట్లో కూర్చున్న అమ్మకు కూడా ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో ఆ రోజు తెలిసింది.

డివిజనల్ పద్ధతిలో నిర్ణయం మనిషికి దగ్గరవుతుంది. దానికి చెల్లించే మూల్యమూ ఉంది. అన్నయ్య నాలుగు కొట్లలో నాలుగు రుచులు వచ్చాయి. గుంటూరు కారప్పూసకూ ఏలూరు కారప్పూసకూ పొంతన లేదు. నాలుగు చోట్లా నలుగురు లెక్కలు రాసేవాళ్లు, నాలుగు చోట్లా విడివిడిగా కొన్న శనగపిండి.

ఒక పనివాడికి ఇద్దరు పెద్దలు

రుచి ఒక్కటిగా ఉండాలని అన్నయ్య పాత మాస్టరును నాలుగు వంటశాలలకూ పెద్దగా నియమించాడు. వారం తిరక్కుండా ఏలూరు వంటవాడు నాకు ఫోను చేశాడు. “అమ్మగారూ, ఇన్‌ఛార్జి గారేమో ఇక్కడి జనానికి తీపి ఎక్కువైందంటున్నారు, తగ్గించమంటున్నారు. మాస్టరుగారేమో గ్రాము తేడా వచ్చినా ఊరుకోనంటున్నారు. నేనెవరి మాట వినాలి?”

ఆ గొంతులో బెంగ విన్నాక మ్యాట్రిక్స్ నిర్మాణం అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది. ఒకే మనిషి పనికి సంబంధించి ఒకరికీ, చోటుకో ప్రాజెక్టుకో సంబంధించి మరొకరికీ జవాబు చెప్పాలి. ఒకరికి ఒక్కరే పైఅధికారి ఉండాలన్న ఫేయోల్ సూత్రాన్ని తెలిసి తెలిసి దాటడమే ఇది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలూ చెప్పారు. అయినా పెద్ద పెద్ద సంస్థలు ఈ దారి పట్టాయంటే కారణం ఉంది. నైపుణ్యమూ కావాలి, పని మొదలు నుంచి చివరిదాకా చూసే కన్నూ కావాలి. రెండూ ఒకేసారి కావాలంటే ఇద్దరు పెద్దలు తప్పరు.

దీనికి మన నేల మీద గొప్ప ఉదాహరణ హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల, డీఆర్‌డీఎల్. అబ్దుల్ కలాం నాయకత్వంలో 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. పృథ్వి, త్రిశూల్, ఆకాశ్, నాగ్, అగ్ని అని ఒకేసారి అయిదు ప్రాజెక్టులు. అయిదింటికీ చోదకం, నియంత్రణ, నిర్మాణ సామగ్రి వంటి విద్యలన్నీ కావాలి. ఒక్కో ప్రాజెక్టుకూ విడిగా నిపుణులను పెట్టుకునేంత మంది దేశంలో లేరు. అందుకని ఒక్కో ప్రాజెక్టుకు ఒక డైరెక్టరు, ఆ విద్యల విభాగాలు మాత్రం అన్ని ప్రాజెక్టులకూ ఉమ్మడి. పృథ్వి 1988 ఫిబ్రవరిలో, అగ్ని 1989 మేలో మొదటిసారి ఎగిరాయి. ఒకే నిపుణుల బృందం రెండు మూడు ప్రాజెక్టులకు పంచుకుని పనిచేస్తేనే అది సాధ్యమైంది.

మా నాన్న పనిచేసిన డివిజనూ ఒక మ్యాట్రిక్సే. డివిజన్లోని ఇంజనీరింగు అధికారి రోజువారీ పనికి డివిజనల్ రైల్వే మేనేజరుకు జవాబు చెబుతారు. సాంకేతిక విషయాల్లో జోను కార్యాలయంలో ఉన్న తన శాఖాధిపతి మాట వింటారు. మరి గొడవ రాదా? వస్తుంది. అందుకే కంట్రోలు ఆఫీసు ఉంది. బండ్ల కంట్రోలరు, ఇంజన్ల కంట్రోలరు, కరెంటు సరఫరా చూసేవారు, పట్టాల పని చూసేవారు, సిగ్నళ్లవారు అక్కడ పక్కపక్కనే కూర్చుంటారు. వేరువేరు శాఖలవాళ్లు ఒకే బండి గురించి ఒకే కప్పు కింద మాట్లాడుకుంటారు.

ఇవాళ హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసే నా పాత విద్యార్థులు చాలామంది మ్యాట్రిక్స్‌లోనే బతుకుతున్నారు. రోజూ పని చెప్పేది ప్రాజెక్టు మేనేజరు, ఏడాది చివర రేటింగు ఇచ్చేది వేరే మేనేజరు. “మేడమ్, నేను రాత్రీ పగలూ చేసింది ఒకాయన చూశారు, మార్కులు వేసింది ఇంకొకాయన” అని ఒకమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇద్దరు పెద్దలను పెట్టిన సంస్థ, ఆ ఇద్దరూ ముందు తమలో తాము మాట్లాడుకునే ఏర్పాటు కూడా చేయాలి. లేకపోతే వాళ్ల తగాదా మొత్తం కింద ఉన్న పిల్ల నెత్తిన పడుతుంది.

ఏలూరు వంటవాడి సమస్యను ఒక తెల్లకాగితంతో తీర్చాం. కొలతలు, సరుకు నాణ్యత మాస్టరువి. ఏ రోజు ఏది ఎంత చేయాలి, పనివాళ్ల వేళలు ఇన్‌ఛార్జివి. రుచి మార్చాలనుకుంటే నెలకోసారి ఇద్దరూ అన్నయ్య ముందు కూర్చుని తేల్చుకోవాలి. ఆ కాగితం ఇప్పటికీ నాలుగు వంటశాలల్లో గోడకు ఉంది.

కింది నుంచి పైకి కట్టిన ఇల్లు

ఇంతవరకు చెప్పినవన్నీ పైనున్న యజమాని కిందికి పని పంచిన కథలు. కింద ఉన్నవాళ్లు కలిసి తమ పైఆఫీసును తామే కట్టుకున్న నిర్మాణాలూ ఉన్నాయి. నాకు వాటి మీద ప్రత్యేకమైన గౌరవం.

గుజరాత్‌లో 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో మొదలైన ఖేడా జిల్లా పాల సంఘం అలాంటిది. ఊళ్లో పాలు పోసే రైతుల సంఘం, ఆ సంఘాలన్నీ కలిసి జిల్లా యూనియను, యూనియన్లన్నీ కలిసి రాష్ట్ర సమాఖ్య. పాల సేకరణ ఊరి సంఘం చూస్తుంది, శుద్ధి, తయారీ యూనియను చూస్తుంది, అమ్మకం సమాఖ్య చూస్తుంది. అమూల్ పేరుతో దేశమంతా ఎరిగిన ఈ మూడంతస్తుల పద్ధతినే 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ మిగతా రాష్ట్రాలకు తీసుకెళ్లింది.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి సాటి డ్వాక్రా మహిళలు కట్టుకున్న వ్యవస్థ. పది పదిహేను మంది మహిళలు ఒక పొదుపు సంఘం. ఊళ్లోని సంఘాలన్నీ కలిసి గ్రామ సంఘం. వాటిమీద మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ వెలుగు పథకంతో ఈ అంతస్తులను బలపరిచింది. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధి మిషన్ ఇదే తీరును దేశం నలుమూలలకూ విస్తరించింది.

మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆమె తన ఊరి గ్రామ సంఘంలో కొన్నాళ్లు కోశాధికారి. ఒకరోజు నేను గడులు గీసిన కాగితం చూసి, “ఇదేందమ్మా, మా సంఘం తిరగేసి గీశారు?” అంది. తన లెక్కలో సభ్యులు పైన, సమాఖ్య కింద. “అప్పు ఎవరికియ్యాలో మా గుంపే తేల్చుద్ది. ఆమె కట్టగలదో లేదో మాకు తెలిసినట్టు మండలంవాళ్లకు ఎట్టా తెలుసుద్ది?” 1855లో మెకల్లమ్ అధ్యక్షుణ్ని వేళ్ల దగ్గర పెట్టి చెప్పిందీ, మా నాన్న నాకు చెప్పిందీ ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

అంతస్తులు వీలైనంత తగ్గించే పద్ధతి ఇంకొకటుంది. చదును నిర్మాణం అంటారు. ముంబైలో 1890 నుంచి మధ్యాహ్న భోజనాలు మోస్తున్న డబ్బావాలాలు ఇందుకు పేరు పొందారు. చిన్న చిన్న గుంపులు, ఒక్కో గుంపుకు అనుభవజ్ఞుడైన ఒక ముకద్దం. డబ్బా మీది గుర్తులే దాన్ని ఎక్కడికి చేర్చాలో చెబుతాయి కాబట్టి పైఅధికారి చెప్పాల్సిన పని పెద్దగా మిగలదు. ప్రతివాడికీ పని పూర్తిగా తెలిసినచోట, అందరి పనీ ఒకే తీరుగా ఉన్నచోట ఇది అద్భుతంగా నడుస్తుంది. ఆ రెండూ లేనిచోట అంతస్తులు తీసేస్తే అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరన్న సామెత గుర్తొస్తుంది. పేరుకు పెద్దలు ఉండరు, గొంతు పెద్దదైనవాడి మాట మాత్రం చెల్లుతుంది.

ఆ రెండు రాత్రులు

మీ దుకాణానికో, ఆఫీసుకో, అపార్టుమెంటు సంఘానికో ఏ నిర్మాణం మంచిదని అడిగితే నేను పేరు చెప్పను. ఇటీవల గొడవ జరిగిన ఒక రోజును తలచుకోమంటాను. ఆ రోజు విషయం అందరికన్నా ముందు ఎవరికి తెలిసింది? తేల్చే అధికారం ఎవరికి ఉంది? తెలిసినవాడి నుంచి తేల్చేవాడి దాకా కబురు ఎన్ని బల్లలు దాటింది? దాటాల్సిన బల్లలు ఎక్కువైతే ఒకటి రెండు తీసేయాలి, లేదా ఆ నిర్ణయాన్ని తెలిసినవాడి చేతికే ఇచ్చేయాలి. ఇవ్వడానికి భయంగా ఉంటే, అతనికి ఏం నేర్పితే ఆ భయం పోతుందో ఆలోచించాలి.

ఈ ప్రశ్నలు నాకు నేర్పింది 1977 నవంబరు 19. ఆ సాయంత్రం దివిసీమను ఉప్పెన ముంచేసింది. నాన్న డ్యూటీకి వెళ్లారు. విజయవాడలోనూ గాలి హోరు, వాన. రెండు రాత్రులు ఆయన ఇంటికి రాలేదు. మూడో రోజు పొద్దున్న బురద కాళ్లతో వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ పట్టుకుని అరుగు మీద కూర్చుని చెప్పారు.

సముద్రం వైపు స్టేషన్ల ఫోన్లు ఒక్కొక్కటే మూగబోయాయట. కాగితం మీద గీతలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. బండి ఎక్కడుందో తెలియదు, చెప్పడానికి తీగ లేదు. పక్కన కూర్చున్న ఏ శాఖవాళ్ల దగ్గరా కబురు లేదు. రాత్రంతా ఆ ఆగిపోయిన గీతల చివర్లు చూస్తూ కూర్చున్నారట.

“మరి బండ్లు నాన్నా?” అన్నాను.

“స్టేషను మాస్టర్లు ఆపేశారమ్మా. కబురు తెగిపోతే ఏం చేయాలో మా రూలు పుస్తకంలో ఒక అధ్యాయముంది. అప్పుడు నా మాట చెల్లదు, అక్కడున్నవాడి మాటే చెల్లుతుంది. వాళ్లు ఎవరినీ అడగలేదు. అడగనక్కర్లేదని వాళ్లకు తెలుసు.”

కాఫీ చల్లారిపోయింది. ఆయన లేచి స్నానానికి వెళ్లారు. సాయంత్రం మళ్లీ డ్యూటీకి బయల్దేరుతూ జేబులో ఒక కొత్త రంగు పెన్సిలు పెట్టుకున్నారు.